తోకకు కట్టిన దారం

"గోపమ్మా, చినుకు పడుతాందా?" అని అడిగాడు జానయ్య.

చేని గట్టు మీద గొంగడి పరుచుకుని కూర్చుని, కదురు తిప్పుతూ నల్ల ఉన్ని వడుకుతున్నాడతను. రెండు కళ్లూ లేవు. అందుకని మబ్బునైనా ఎండనైనా చెవులతోనూ చర్మంతోనూ కనిపెడుతుంటాడు.

గోపమ్మ ఆకాశం వైపు చూడలేదు. ఆ చిటపట చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో ఆమెకు తెలుసు. ఆముదపు మొక్కల నిండా దాసరి పురుగులు పట్టి ఆకులు కొరుకుతున్నాయి. ఒకటో రెండో అయితే వినపడదు. చేనంతా ఒక్కసారే నములుతుంటే వాన పడ్డట్టే ఉంటుంది.

"చినుకు కాదయ్యా, పురుగు" అంది.

జానయ్య చేతిలో కదురు ఆగింది. కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. "గింత ఆకలా దానికి!" అని మళ్లీ తిప్పడం మొదలుపెట్టాడు. మనిషి తీరే అంత. తన చేను తింటున్న పురుగు ఆకలికి కూడా జాలిపడగలడు. గోపమ్మకు మాత్రం ఏడుపొచ్చింది. పిల్లలు లేరు. జానయ్య కళ్లు పోయిన ఏడే గొర్రెల మందను అమ్ముకున్నారు. ఉన్ని కోసం ఉంచుకున్న నాలుగు గొర్రెలూ, ఈ ఆముదపు చేనూ, ఇవే వాళ్ల బతుకు. ఈ చేను పోతే ఆ ఏడు గడిచే దారి లేదు.

జానయ్య కళ్లు ఎట్లా పోయాయో చెప్పాలి. దేవరకొండ చుట్టుపక్కల నీళ్లు కావాలంటే రాయిని పగలగొట్టాల్సిందే. ఊరి పటేలు దశరథం తన చేలో బావి తవ్విస్తూ, రాతికి రంధ్రం కొట్టించి మందు తూటా పెట్టించాడు. తూటా పేలలేదు. పేలని తూటా దగ్గరికి వెంటనే దిగొద్దని సర్కారు కట్టడి ఉంది. ఆ సంగతి దశరథానికీ తెలుసు, పనివాళ్లకూ తెలుసు. కాని ఎండ ముదురుతోంది, పని ఆగిపోతోంది. "ఏం గాదు, దిగు జానయ్యా" అన్నాడు దశరథం. జానయ్య దిగాడు.

ఏం గాదు. చదువరులారా, ఈ మాట మీ ఊళ్లోనూ ఉంటుంది. ఇరుసుకు చీల లేని బండిలో పెళ్లివాళ్లను ఎక్కించేటప్పుడు, పొంగుతున్న వాగులోకి బస్సు దింపేటప్పుడు మనం అనే మాట ఇదే. అన్నవాడు ధైర్యవంతుడవుతాడు. వద్దన్నవాడు పిరికివాడవుతాడు. తీరా ఏమన్నా అయితే, నుదుటిరాత అనే ఇంకో మాట మన దగ్గర తయారుగా ఉండనే ఉంటుంది. దశరథం చెడ్డవాడు కాదు. జానయ్యను తన బండిలోనే దవాఖానకు తీసుకుపోయాడు, పంటకింత జొన్నలు పంపాడు. నుదుటిరాత అని ఊరంతా అంటే తానూ అన్నాడు. తానన్న మాటను మాత్రం మళ్లీ ఎన్నడూ తలుచుకోలేదు. ఊరివాళ్లూ మరిచిపోయి అతన్నే సర్పంచును చేశారు.

ఇది పంతొమ్మిది వందల అరవై అయిదు, శ్రావణమాసం నాటి సంగతి. పురుగు ఒక్క గోపమ్మ చేనునే పట్టలేదు, ఆ చుట్టుపక్కల ఆముదమంతా పట్టింది. పై నుంచి మందు చల్లడానికి సర్కారు ఒక చిన్న హెలికాప్టరును పంపించింది. ముందంతా అద్దాల బుర్ర, వెనక సన్నని ఊచలతో అల్లిన తోక, తోక చివర ఒక చిన్న పంఖా. ఊరి బయట బీడులో అది దిగిన రోజు పొయ్యి మీద అన్నం మాడింది కూడా ఎవరూ చూసుకోలేదు. పిల్లలూ పెద్దలూ అందరూ దానికి గాలిమోటరు అని పేరు పెట్టేశారు.

నడిపే ఆయన గురుదయాళ్ సింగు అనే పంజాబీ యువకుడు. తెలుగు రాదు. ఎవరు పలకరించినా నవ్వుతాడు. మిషను చూసుకునే మెకానిక్కు అహ్మద్ అలీ, కొల్లాపూరువాడు. వచ్చీ రాగానే అహ్మద్ అలీ మిషను చుట్టూ తాడు కట్టి, ఎర్రజెండాలు పాతి, తాడు దాటి ఎవరూ లోపలికి రావద్దన్నాడు. ఊరి కావలి ఐలేశాన్ని కాపలా పెట్టాడు. మొదటి రోజు సర్పంచు చేలకు మందు చల్లారు. మొదట ఎవరి చేలకు చల్లుతారో మన ఊళ్లలో వేరే చెప్పాలా? మర్నాడు గోపమ్మ చేనున్న వైపు చల్లుతామన్నారు.

బీడుకు దగ్గరి ఇల్లు గోపమ్మదే. ఆ సాయంత్రం అహ్మద్ అలీ మంచినీళ్ల కోసం వచ్చాడు. గోపమ్మ నీళ్లు ఇవ్వకుండా చెంబెడు చల్ల ఇచ్చింది.

"ఒక మాట అడుగుత బిడ్డా. పొద్దున్నే దాని ఒళ్లంతా తడుముతవేంది? గొర్రెకు గోమార్లు ఏరినట్టు."

అహ్మద్ అలీకి నవ్వొచ్చి చల్ల పొలమారింది. "గదే నా పని పెద్దమ్మా. సర్కారు రూలు. నేను చేత్తోని తడిమి, మంచిగుంది అంటేనే సర్దార్‌జీ ఎక్కాలె."

"రోజూనా?"

"రోజూ. నిన్న మంచిగున్నది ఇయ్యాల గూడ మంచిగుండాలని ఏముంది? బండి చెడిపోతే పక్కకు ఆపుకుంటం. పైన ఆపుకునేటందుకు జాగా యాడుంది?"

గడపలో కూర్చున్న జానయ్య ఆ మాట విని తల ఊపాడు.

చొక్కా చేతులు పైకి మడిచి ఉండటంతో, అహ్మద్ అలీ దండచేతికి కట్టిన ఆకుపచ్చ గుడ్డ గోపమ్మ కంటపడింది. అదేమిటని అడిగింది.

"ఇమామ్ జామిన్. నేను ఊరు దాటినప్పుడల్లా మా అమ్మ కడ్తది. అండ్ల ఒక రూపాయి బిళ్ల ఉంటది. సలామతుగ ఇంటికి చేరినంక ఇప్పి, బీదోళ్లకు ఇస్తది. మా అమ్మకు ఎప్పుడూ నా ఫికరే."

"మరి ఆ సర్దారు పిలగానికి ఎవరు కట్టిండ్రు?"

"ఆయన అమ్మ పంజాబుల ఉంది. శానా దూరం."

గోపమ్మ మనసు అక్కడే చిక్కుకుంది. ఊరు ఊరంతా కళ్లు తిప్పకుండా ఆ పిల్లవాడి వైపే చూస్తోంది. ఎన్ని కళ్లు! రాయికి తగిలినా పగిలే దిష్టి. తల్లి చూస్తే దగ్గర లేదు. గోపమ్మ పుట్టింట్లో మంచి పొట్టేలు వస్తే, దిష్టి తగలకుండా దాని తోకకు నల్ల ఉన్నిదారం కట్టేవాళ్లు. పొట్టేలుకే అంత చేస్తే, పరాయి తల్లి బిడ్డ ఆకాశంలోకి పోతుంటే ఊరుకుంటామా? జానయ్య వడికిన దారంలో నున్నటిది, గట్టిది చూసి తెంపి పెట్టుకుంది.

తెల్లవారుతుండగా గొర్రెలను తోలుకుని బీడు వైపు వెళ్లింది. ఐలేశం వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు.

"దిష్టిదారం ఐలేశం. గిట్ల కట్టి గట్ల వస్త."

ఐలేశం తాడు వైపు చూశాడు, దారం వైపు చూశాడు. దారం కట్టొద్దని ఎవరు మాత్రం చెప్పారు? "కట్టుకో పో అక్కా, ఏం గాదు" అన్నాడు.

ముందు అద్దాల బుర్రకు కట్టేందుకు పట్టు దొరకలేదు. తోక చివరికి వెళ్లింది. చిన్న పంఖా వెనక ఇరుసు సన్నగా, మెడలాగా ఉంది. గోపమ్మ దానికి దారం గట్టిగా చుట్టి ముడి బిగించింది. పంఖా మీద చెయ్యి ఉంచి, "సర్దారు బిడ్డ సల్లంగుండాలె, మళ్ల అమ్మను చూడాలె" అని మొక్కుకుంది. ఆమె జీవితంలో అంత ప్రేమతో చేసిన పని ఇంకొకటి లేదేమో. అంత ప్రమాదమైన పని కూడా ఇంకొకటి లేదు.

పొద్దెక్కేసరికి జనమంతా తాడు బయట చేరారు. దక్షిణాన మబ్బు పట్టింది. వాన పడితే మందు చల్లడం కుదరదు. ఇంకొక్కరోజు ఆగితే ఈ పురుగు ఆకన్నది మిగల్చదు. ఆ వైపు చేలవాళ్ల ప్రాణాలన్నీ గొంతులోనే ఉన్నాయి. పైలటు సీట్లో కూర్చున్నాడు.

"జల్దీ కానియ్యి భాయ్! నిన్న ఎగిరిందే గద, మళ్ల మళ్ల ఏం చూస్తవు?" అని కేకేశాడు దశరథం.

అహ్మద్ అలీ వినిపించుకోలేదు. అద్దాల బుర్ర దగ్గర మొదలుపెట్టి, మిషను ఒంటి మీద చెయ్యి తియ్యకుండా తడుముతూ తోక చివరికి వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. పైలటు వైపు చెయ్యి ఎత్తి, వద్దన్నట్టు ఊపాడు.

కాసేపటికి అతని వేళ్ల మధ్య నల్లదారం బయటికొచ్చింది. ఒకటే ముక్కగా రాలేదు. పోగులు పోగులుగా వచ్చింది. ముడి బిగించినప్పుడు ఉన్ని పోగులు పంఖా రెక్కలను తిప్పే కీళ్ల సందుల్లోకి దూరాయి.

"ఇయ్యాల ఎగరేది లేదు" అన్నాడు అహ్మద్ అలీ. "లోపల పోగు చిక్కిందో లేదో ఇప్పి చూడాలె. తోక కీళ్లు ఇప్పినంక హైదరాబాదు నుంచి తనిఖీ ఇంజినీరు వచ్చి, చూసి, సరే అనాలె. రేపటిదాక ఆగాలె. రూలు."

జనంలో గోల పుట్టింది. ఎవడు కట్టాడు, ఎవడి పాడుచెయ్యి అని అరుపులు. ఐలేశం తల ఎత్తలేదు. గోపమ్మ తాడు దగ్గరికి వచ్చింది.

"నేనే కట్టిన. దిష్టి తగుల్తదని కట్టిన."

"ఎంత పని చేస్తివే! మా చేను ముంచితివి గదనే!" అని సాలమ్మ నెత్తి కొట్టుకుంది. సాలమ్మది పక్క చేనే. ఇన్నేళ్లుగా ఇద్దరూ కలిసి కలుపు తీసినవాళ్లు. గోపమ్మ అహ్మద్ అలీ వైపు తిరిగి అడిగింది.

"నా దారం ఏం చేస్తుండె బిడ్డా?"

అతను కోప్పడలేదు. కోప్పడి ఉంటేనే ఆమెకు తేలికగా ఉండేదేమో. "పైనున్న పెద్ద పంఖా తిరుగుతుంటే మిషన్ గూడ తిరగాలని చూస్తది పెద్దమ్మా. దాన్ని ఆపి పట్టేది గీ చిన్న పంఖానే. పైకి పోయినంక గీ కీలు పట్టేసిందనుకో, మిషన్ బొంగరం లెక్క తిరుగుతది. ఇగ సర్దార్‌జీ చేతుల ఏం ఉండదు" అని మెల్లగా చెప్పాడు.

గోపమ్మ పైలటు వైపు చూసింది. ఏం జరుగుతోందో తెలియక, తన వైపు చూస్తున్న ముసలామెను చూసి అతను ఎప్పటిలాగే నవ్వాడు. చల్లగా ఉండాలని మొక్కిన చేత్తోనే తాను ఆ నవ్వును మట్టిలో కలపబోయింది.

దశరథం తాడు దాటి వచ్చాడు. "దారం తీసిండు గద! కండ్లకు కనవడ్డదంతా తీసిండు. గింత ఉన్నిపోగుకు గింత తమాషానా? చేను పోతే పిల్లల నోటికాడి జొన్నలు పోతయి, మీ రూలుకేం పోతది? ఏం గాదు, లేపుమను. గోపమ్మా, నువ్వే చెప్పు. ముందు పోయేది నీ చేనే."

అందరూ గోపమ్మ వైపు చూశారు. నిజమే, అందరికంటే ఎక్కువ పురుగు పట్టింది ఆమె చేనుకే. ఆమె ఊ అంటే మెకానిక్కు మీద ఊరంతా పడేటట్టుంది. చేనంటే ఆమెకు చేను కాదు, కళ్లు లేని మనిషి నోట్లోకి పోయే ముద్ద.

అప్పుడు జనం వెనక నుంచి జానయ్య కర్ర తాటించుకుంటూ వచ్చాడు. గొంతు పెంచలేదు.

"పటేలా, బాయి కాడ గూడ గిదే మాటన్నవు."

దశరథం ఒక అడుగు వెనక్కి వేశాడు. దూరంగా గొర్రె ఒకటి అరిచింది.

"నాకు నీ మీద కోపం లేదు. నువ్వు అన్నవు, నేను దిగిన. గీ పిలగాడు గూడ ఎక్కితే ఎక్కుతడు. గని, ఆయన అమ్మ దూరమున్నదంట" అన్నాడు జానయ్య.

గోపమ్మ మొగుడి భుజం పట్టుకుంది. "నా చేను తిననియ్యి పటేలా. చేను మళ్లొచ్చే ఏడు పెడ్త. గా పిలగాడు పోతే ఆ తల్లికి యాడికెళ్లి తెచ్చియ్యాలె?" అంది.

అహ్మద్ అలీ ఆ మాటలు ఉర్దూలో పైలటుకు చెప్పాడు. గురుదయాళ్ సింగు సీటు దిగి, తలుపు మూసి, గోపమ్మ దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు. తర్వాత చేని వైపు చెయ్యి చూపించి ఏదో అడిగాడు. పురుగును చేత్తో ఏరలేమా అంటున్నాడని అహ్మద్ అలీ చెప్పాడు. ఏరగలం, ఎంతని ఏరుతాం? అయినా ఆ పంజాబీ పిల్లవాడు గోపమ్మ ఇంట్లోంచి తెచ్చిన చాట తీసుకుని ముందు నడిచాడు. మొదట సాలమ్మ కదిలింది. ఆ వెనక మిగతావాళ్లు. ఆముదపు మొక్కలను చాటల్లోకి దులిపి, గుంటల్లో పోసి, మన్ను కప్పారు. పొద్దుగూకేదాకా ఏరారు. పురుగు ముందు మనుషులు చాలలేదు. గోపమ్మ చేను సగం ఊచలుగా మిగిలింది. ఆ మాట దాచడం ఎందుకు? మంచిపని చేసినంత మాత్రాన నష్టం ఆగిపోదు.

మర్నాటికి మబ్బు తేలిపోయింది. తనిఖీ ఇంజినీరు ఇస్రాయేలు జీపులో వచ్చాడు. హైదరాబాదులో కొలువైనా నల్లగొండవాడే. తల నెరిసిన మనిషి. ఎవరితోనూ మాట్లాడకుండా తోక దగ్గర కూర్చుని, విప్పిన కీళ్లను ఒక్కొక్కటే తుడిచి, వెలుతురులో పెట్టి చూసి, మళ్లీ బిగింపించాడు. తాడు బయట దశరథం అసహనంగా అటూ ఇటూ తిరిగాడు. ఒకసారి మరిచిపోయి తాడు దాటబోతే ఐలేశం కర్ర అడ్డం పెట్టాడు. "ఏమన్న అయితది పటేలా, జర ఇవతలనే ఉండు" అన్నాడు. జనం నవ్వారు. దశరథానికి నవ్వు రాలేదు.

ఇస్రాయేలు లేచి చేతులు తుడుచుకున్నాడు. "లోపల ఏం లేదు. అంతా మంచిగుంది. ఏం గాదు, ఎగరొచ్చు" అన్నాడు.

"నిన్న నేనన్నది గదే గద సార్!" దశరథం గొంతులో ఉక్రోషం పొంగింది. "గదే మాట! ఒక దినమంత పోయింది. గోపమ్మ చేను సగం పోయింది. ఏం దొరికింది మీకు?"

ఇస్రాయేలు అతని వైపు చూశాడు. "మాట గదే సర్పంచ్ సాబ్. మీరు చూడకముందు అన్నరు, నేను చూసినంక అంటున్న. గంతే తేడా. ఏం దొరకలేదంటే అల్లా దయ, ఏసు దయ, మీ దేవుని దయ. గని ఏం లేదని తెలుసుకునేటందుకే చూడాలె. గీ రూళ్లు ఎవరో కుర్చీల కూసోని ఉబుసుపోక రాసినవి కావు. ఒక్కొక్క రూలు ఎనుక యాడనో ఒకడు పడిపోయిండు. ఆని ఇంట్ల ఏడ్చిన ఏడుపు ఇంకో ఇంట్ల ఏడవద్దని, సర్కారు గిట్ల రాసి పెట్టింది. మనకు పేరు తెలవని తల్లి బిడ్డను, మన బిడ్డ లెక్క చూసుకొమ్మని చెప్పుడే రూలంటే."

దశరథం గట్టు మీద కూర్చున్న జానయ్య దగ్గరికి నడిచి, పక్కన చతికిలబడ్డాడు. తెల్ల ధోవతికి ఎర్రమన్ను అంటుకోవడం చూసుకోలేదు.

"జానయ్యా, బాయి కాడ నేను చూడకనే అన్న" అన్నాడు.

జానయ్య చెయ్యి చాపి అతని భుజం వెతికి పట్టుకున్నాడు. "తెలుసు పటేలా. పోనీ. ఇగ మీదికెళ్లి చూసి అను."

ఇద్దరిలో ఎవరు ముందు ఏడ్చారో చూసినవాళ్లు లేరు. అందరి కళ్లూ మిషను వైపే ఉన్నాయి.

అక్కడ గోపమ్మ తాడు బయట నిలబడి, కొంగు ముడిలోంచి నల్లదారపు ముక్క ఒకటి తీసి, సిగ్గుపడుతూ అహ్మద్ అలీని పిలిచింది. "మిషన్‌కు కట్టొద్దు, తెలిసింది. మరి యాడ కడితే ఏం గాదు బిడ్డా? కట్టకుంటే నా పానం ఊకుంటలేదు."

అహ్మద్ అలీ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. దండకు అమ్మ కట్టిన ఆకుపచ్చ గుడ్డ పక్కన చోటు చూపించాడు. "ఈడ కట్టు పెద్దమ్మా. అంగీ లోపల ఉంటది, మిషన్‌ల చిక్కదు. మిషన్‌ను తడిమేది గీ చెయ్యే గద."

గోపమ్మ కట్టింది. అతను మడత విప్పి దారాన్ని కప్పుకుని, మళ్లీ మిషను దగ్గరికి వెళ్లాడు. ఇంజినీరు చూశాడు కదా అని ఊరుకోలేదు. బుర్ర నుంచి తోక దాకా ఇంకొకసారి తడిమి, అప్పుడు చెయ్యి ఎత్తాడు.

హెలికాప్టరు దుమ్ము లేపుకుంటూ పైకి లేచింది. గోపమ్మ పరుగున వచ్చి మొగుడి పక్కన నిలబడింది. చప్పుడు తలల మీదుగా సగం మిగిలిన ఆముదపు చేని వైపు సాగిపోయింది. జానయ్య ముఖం పైకెత్తి ఆ చప్పుడు వెంట తల తిప్పుతున్నాడు.

"గోపమ్మా, పిలగానికి ఏం గాదు గద?"

"ఏం గాదయ్యా" అంది గోపమ్మ. "చూసిండ్రు."